రెండో రాత్రి గుండె

మన ఇళ్లలో ‘స్ట్రోక్’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. మూతి వంకరపోయి కాలూ చెయ్యీ పడిపోతే అది స్ట్రోకు. ఛాతీ పట్టుకుని కూలబడితే అదీ ‘హార్ట్ స్ట్రోకే’. జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లు జంతుశాస్త్రం చెప్పినదాన్ని కనుక, వైద్యులు మొదటిదాన్నే స్ట్రోక్ అంటారనీ, రెండోదాన్ని గుండెపోటు అనాలనీ ఎవరు పొరపాటు పడినా సరిదిద్దడం నాకు అలవాటు. మూడేళ్ల కిందట మా పెద్దమ్మకు స్ట్రోక్ వచ్చిందని కబురు తెలిసినప్పుడు, “గుండెదా, మెదడుదా అక్కా?” అని మా తమ్ముడు అడిగితే, అంత కంగారులోనూ వాడికి ఆ తేడా విడమరిచి చెప్పాను. ఆ రెండింటి మధ్య నేను గీసిన గీత ఎంత పలచనిదో తెలియడానికి రెండు రోజులే పట్టింది.

పెద్దమ్మకు అప్పటికి అరవై తొమ్మిదేళ్లు. కోనసీమలో ఒక లంక ఊళ్లో ఉంటారు. పొద్దున్నే పాలు కాచి దించుతుండగా ఎడమచేతిలోంచి గిన్నె జారిపోయింది. ఏమైందని పెదనాన్న అడిగితే మాట ముద్దముద్దగా వచ్చింది. పావురం రక్తం రాయిస్తే రెండు రోజుల్లో లేచి తిరుగుతుందని పక్కింటివాళ్లు సలహా ఇచ్చారట (ఈ మాట మన పల్లెల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది). పెదనాన్న దాన్ని చెవిన పెట్టకుండా 108కు ఫోన్ చేశారు. పట్నంలో ఆసుపత్రికి చేరేసరికి మూడు గంటలు దాటినా, నాలుగున్నర గంటల గడువు లోపలే కనుక గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగలిగారు. మర్నాటికి ఎడమకాలు కొద్దిగా కదిలింది. గండం గడిచిందనుకుని మేమంతా భోజనాలకు వెళ్లాం.

ఆ రాత్రి రెండు గంటలకు ఆమెకు ఆయాసం మొదలైంది. ఈసీజీ మారిపోయిందన్నారు, గుండె కండరం గాయపడితే కనిపించే ట్రోపోనిన్ అనే ప్రొటీను రక్తంలో పెరిగిందన్నారు, ఎకో (గుండె స్కానింగ్) తీసి గుండె ఎడమ జఠరిక కింది సగం దాదాపు కదలడమే లేదన్నారు. మెదడు డాక్టరుగారి పక్కన గుండె డాక్టరుగారు కూడా వచ్చి నిలబడ్డారు. “చెయ్యి పడిపోయిందని తీసుకొస్తే గుండె దగ్గరకు తిప్పుతున్నారు, ఇదంతా బిల్లు పెంచడానికే” అన్నాడు తమ్ముడు. నేను ఖండించలేదు, నిజం చెప్పాలంటే నా మనసులోనూ ఆ మాటే ఉంది. మూడో రోజున సీటీ యాంజియోగ్రామ్ చేసి గుండె రక్తనాళాల్లో చెప్పుకోదగ్గ అడ్డంకి ఏమీ లేదని తేల్చినప్పుడు మా అనుమానం ఇంకా బలపడింది. అడ్డంకే లేనప్పుడు గుండె దెబ్బతినడమేమిటి?

మా మొహాలు చూసి ఒక యువ డాక్టరు ఓపికగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కేస్‌షీట్ వెనక ఒక కుండ బొమ్మ గీసి, మెదడుకు దెబ్బ తగిలినప్పుడు ఒంట్లోకి ఒక్కసారిగా వెలువడే అడ్రినలిన్, నార్ అడ్రినలిన్ గుండె కండరాన్ని నేరుగా గాయపరచగలవని చెప్పారు. ఆ రెండు పేర్లూ విన్నప్పుడు నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ గుర్తుంది. ‘అత్యవసర హార్మోన్లు’ అనే శీర్షిక కింద ఏటేటా నల్లబల్ల మీద నేను రాసిన పేర్లవి. పోరాడటానికో పారిపోవడానికో శరీరాన్ని సిద్ధం చేస్తాయనీ, గుండె వేగాన్ని పెంచుతాయనీ, కనుపాపలను విప్పారిస్తాయనీ పిల్లల చేత బట్టీ పట్టించాను. మోతాదు మించితే ఆ ప్రాణరక్షకాలే గుండెకు విషమవుతాయని ఒక్క ఏడాదీ చెప్పలేదు, ఎందుకంటే నాకే తెలియదు.

అప్పటి నుంచి ఈ విషయం మీద దొరికినదల్లా చదువుతూ వచ్చాను. నేను వైద్యురాలిని కాను. కాబట్టి ఎవరికీ వైద్యం చెప్పబోవడం లేదు. కానీ ఒక సంగతి గట్టిగా వాదించాలనుకుంటున్నాను. పక్షవాతం వచ్చిన తొలి మూడు రోజుల్లో గుండెకు జరిగే నష్టాన్ని చాలాసార్లు మనం రెండో జబ్బుగా, దురదృష్టంగా, లేదా ఆసుపత్రి మోసంగా చూస్తున్నాం. నిజానికి అది మొదటి జబ్బులోని భాగం. ఆ దృష్టితో చూడకపోవడం వల్ల కుటుంబాలూ, కొన్నిచోట్ల వైద్యవ్యవస్థా, రెండు వైపులా తప్పులు చేస్తున్నాయి.

గుండె నుంచి మెదడుకు వెళ్లే దారి అందరికీ తెలిసినదే. కర్ణికలు లయ తప్పి అల్లల్లాడుతున్నప్పుడు గుండెలో గడ్డ పుట్టి, రక్తంతో పాటు ప్రయాణించి మెదడు ధమనిలో ఇరుక్కుంటే పక్షవాతం వస్తుంది. తిరుగు దారి సంగతి మాత్రం మన మాటల్లోకి ఇంకా రాలేదు. మెదడులో రక్తం అందక కొంత భాగం చచ్చిపోతున్నప్పుడు, లేదా రక్తనాళం చిట్లి లోపల ఒత్తిడి పెరిగినప్పుడు, మన ప్రమేయం లేకుండా ఒంటిని నడిపే హైపోథలామస్ నుంచీ మెదడుకాండం నుంచీ, ఆపదలో శరీరాన్ని సిద్ధం చేసే సహానుభూత నాడీవ్యవస్థకు ఆగని హెచ్చరికలు వెళతాయి. అవి రెండు మార్గాల్లో గుండెను చేరతాయి. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అధివృక్క గ్రంథుల లోపలి పొర రక్తంలోకి అడ్రినలిన్‌ను గుమ్మరిస్తుంది. అది రక్తం వెంట గుండెకు చేరుతుంది. అంతకంటే సూటిదైన రెండో మార్గంలో, గుండె కండరంలోకే చొచ్చుకుపోయిన నాడీతంతువుల చివర్లు నార్ అడ్రినలిన్‌ను కండరకణాల పక్కనే వదులుతాయి. ఈ రెండో మార్గంలో హార్మోను సాంద్రత ఎక్కడ ఎక్కువగా ఉంటుందో మామూలు రక్తపరీక్షలో కనిపించదు. వీటి వెనకాలే, కొంచెం నింపాదిగా, గ్రంథి వెలుపలి పొర నుంచి కార్టిసోల్ వస్తుంది. అది చక్కెరను పెంచుతుంది, రక్తనాళాలు అడ్రినలిన్‌కు మరింత గట్టిగా స్పందించేలా చేస్తుంది.

కణం లోపల జరిగేది తెలిస్తే తప్ప మిగతాది అర్థం కాదు. గుండె కండరకణం సంకోచించాలంటే దాని లోపలికి కాల్షియం రావాలి. సడలాలంటే ఆ కాల్షియంను శక్తి ఖర్చు పెట్టి మళ్లీ బయటికో, లోపలి గిడ్డంగిలోకో తోడిపోయాలి. నిమిషానికి డెబ్బై సార్లు జరిగే ఈ తోడిపోత మీదే మన బతుకు ఆధారపడి ఉంది. అడ్రినలిన్ జాతి హార్మోన్లు కణం మీది బీటా గ్రాహకాలను పట్టుకుని, కాల్షియం తలుపులను మరింతగా తెరిపిస్తాయి. మామూలు మోతాదులో అది మేలే. మెట్లెక్కేటప్పుడు మనకు కావలసింది అదే. మోతాదు ఎన్నో రెట్లు పెరిగి గంటల తరబడి తగ్గకపోతే మాత్రం వచ్చే కాల్షియం, తోడిపోసే శక్తిని మించిపోతుంది. కణం సంకోచించి ఇక సడలలేకపోతుంది. లోపలి తంతువులు ఒకదాని మీదికి ఒకటి ముడుచుకుపోయి అడ్డపట్టీలుగా గట్టిపడతాయి. శవపరీక్షలో సూక్ష్మదర్శిని కింద కనిపించే ఈ పట్టీలే ఈ గాయానికి వేలిముద్రలు. మామూలు గుండెపోటులో రక్తం అందని కణం ఆకలితో, సడలిన స్థితిలో, గంటల మీద చనిపోతుంది. ఇక్కడ కణం బిగుసుకున్న స్థితిలో, కొన్నిసార్లు నిమిషాల్లోనే చనిపోతుంది. పైగా ఈ మచ్చలు ఒక ధమని పారే ప్రాంతమంతా వ్యాపించకుండా, నాడీతంతువుల చివర్ల దగ్గర చెదురుమదురుగా ఉంటాయి. పెద్దమ్మ ఎడమచెయ్యి పిడికిలి బిగించలేకపోయిన ఆ గంటల్లోనే, ఆమె గుండెలోని కణాలు బిగించిన పిడికిలి విప్పలేకపోయాయి.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. పోరాటం లేదా పలాయనం అనే భావనను లోకానికి ఇచ్చిన అమెరికన్ శరీరధర్మశాస్త్రవేత్త వాల్టర్ కానన్, 1942లో, శాపానికీ మంత్రానికీ గురయ్యామనే భయంతోనే మనుషులు చనిపోతారా అన్న ప్రశ్నను తీసుకుని ఒక వ్యాసం రాశారు. చేతబడి భయంతో మంచం పట్టి చనిపోయినవాళ్ల కథలు విన్న మనకు ఆ ప్రశ్న కొత్తది కాదు. సహానుభూత నాడీవ్యవస్థ అదుపు లేకుండా పనిచేయడమే అందుకు కారణం కావచ్చునని ఆయన ఊహించారు. 1947లోనూ, మళ్లీ 1954లో జార్జ్ బర్చ్ బృందంలోనూ వైద్యులు, మెదడులో రక్తస్రావమైన రోగుల ఈసీజీలో విచిత్రమైన మార్పులు గమనించారు: కొట్టుకున్న గుండె మళ్లీ కుదురుకోవడాన్ని చూపే టీ తరంగాలు పెద్దవిగా, చాలాసార్లు తలకిందులుగా ఉన్నాయి, జఠరికలు విద్యుత్తుతో ఉత్తేజితమై తిరిగి కుదురుకోవడానికి పట్టే సమయమైన క్యూటీ విరామం సాగిపోయింది. గుండెజబ్బు లేనివారిలో గుండెజబ్బును పోలిన ఈసీజీ! 1959లో జార్జ్ రోనా బృందం ఎలుకలకు ఐసోప్రోటరినాల్ అనే కృత్రిమ అడ్రినలిన్ బంధువును ఎక్కించి, రక్తనాళాల్లో ఏ అడ్డంకీ లేకుండానే గుండె కండరం చచ్చిపోతుందని చూపింది. అధివృక్క గ్రంథిలో హార్మోన్లను విపరీతంగా స్రవించే ఫియోక్రోమోసైటోమా అనే కణితి ఉన్నవారి గుండెల్లోనూ ఈ గాయమే కనిపిస్తుంది. మెదడు, ఎలుక, కణితి అనే మూడు వేర్వేరు చోట్ల మొదలైన కథలు ఒకే అడ్డపట్టీ దగ్గర కలిశాయి.

ఆ యువ డాక్టరు గీసిన కుండ బొమ్మ జపాన్‌ది. 1990లో హిరోషిమా వైద్యులు ఒక వింత గుండె ఆకారాన్ని వర్ణించారు: ఎడమ జఠరిక కొన కదలకుండా బుడగలా ఉబ్బిపోతుంది, పైభాగం మాత్రం గట్టిగా సంకోచిస్తుంది. జపాన్ జాలరులు ఆక్టోపస్‌లను పట్టడానికి నీళ్లలో దించే సన్నమెడ కుండ ‘తకోత్సుబో’లా ఉందని దానికి ఆ పేరు పెట్టారు. ఆక్టోపస్‌ను పట్టడం మనకు తెలియకపోయినా కల్లు లొట్టి తెలుసు. ఆకారం ఇంచుమించు అదే. ఈ స్థితికి గురయ్యేవారిలో పదిమందికి తొమ్మిదిమంది స్త్రీలే, అందులోనూ ముట్లుడిగినవారే ఎక్కువ. 2005లో అమెరికాలో ఇలాన్ విట్‌స్టీన్ బృందం, ఆప్తుల మరణవార్త వంటి ఆకస్మిక దిగ్భ్రాంతి తరవాత ఇలా గుండె స్తంభించిన 19 మందిని పరిశీలిస్తే, వారి రక్తంలో ఈ హార్మోన్లు తీవ్రమైన గుండెపోటు వచ్చినవారిలో ఉన్నదానికి రెండు మూడు రెట్లు, మామూలు మనుషుల్లో ఉన్నదానికి 7 నుంచి 34 రెట్లు ఉన్నాయి. ‘గుండె పగిలి చచ్చిపోయాడు’ అని మనం ఊరికే అనే మాటకు ఒక కొలత దొరికిందన్నమాట.

పక్షవాత రోగుల్లో పూర్తి తకోత్సుబో ఆకారం వచ్చేవారు తక్కువే, నూటికి ఒకరు చొప్పున అని ఒక జపాన్ పరిశీలనలో తేలింది. మెదడు పొరల మధ్య రక్తస్రావమైనవారిలో ఇంకా ఎక్కువ. అంతకంటే ఎంతోమందికి వచ్చేవి చిన్న గాయాలు, లయ తప్పడాలు, ఈసీజీ మార్పులు. కుండ ఆకారంలో ఒక ఊరట ఉంది: చాలామందిలో అది రోజుల్లో, వారాల్లో సర్దుకుంటుంది. గుండె కొనలో అడ్రినలిన్‌ను అందుకునే బీటా-2 గ్రాహకాలు ఎక్కువగా ఉంటాయనీ, మోతాదు మించినప్పుడు అవి తమ సంకేతాన్ని తిప్పేసి కండరాన్ని కావాలనే నెమ్మదింపజేస్తాయనీ లండన్ పరిశోధకులు వాదించారు. అది నిజమైతే ఆ ఉబ్బిన కొన కొంతవరకు చావు తప్పించుకోవడానికి చేతులెత్తేసిన కండరం అనుకోవాలి. ఈ వాదన నాకు నచ్చింది కానీ, నచ్చినంత మాత్రాన రుజువైనట్టు కాదు.

మెదడులో ఎక్కడ దెబ్బ తగిలినా గుండెకు ఇంత కీడు జరగదు. కణత లోపల, రెండు తమ్మెల మధ్య చీలికలో దాగి ఇన్సులా అనే భాగం ఉంది. లాటిన్‌లో ఆ మాటకు ద్వీపమని అర్థం; కోనసీమవాళ్ల మాటలో చెప్పాలంటే లంక. గుండె కొట్టుకోవడం, కడుపులో తిప్పడం, ఊపిరి ఆడకపోవడం వంటి లోపలి సంగతులను మెదడు పసిగట్టేదీ సర్దేదీ ఎక్కువగా ఇక్కడే. 1992లో స్టీఫెన్ ఓపెన్‌హైమర్, వ్లాదిమిర్ హచిన్‌స్కీ తదితరులు, మూర్ఛవ్యాధికి శస్త్రచికిత్స చేయించుకుంటున్న కొద్దిమందిలో ఈ లంకను సన్నని విద్యుత్తుతో తాకి చూశారు. కుడివైపు తాకితే గుండె వేగమూ రక్తపోటూ పెరిగే ధోరణి, ఎడమవైపు తాకితే తగ్గే ధోరణి కనిపించాయి. కుడి ఎడమల లెక్క అంత సూటిగా ఉండదని తరవాతి అధ్యయనాలు చూపినా, ఇన్సులా దెబ్బతిన్నవారి గుండెను ప్రత్యేకంగా గమనించాలన్న మాట నిలబడింది. దురదృష్టమేమిటంటే, పక్షవాతంలో అన్నిటికంటే ఎక్కువగా మూసుకుపోయే మధ్య మస్తిష్క ధమనే ఈ లంకకు నీళ్లిచ్చే పాయ కూడా. పెద్దమ్మ ఎంఆర్ఐలో కుడివైపు ఇన్సులా దగ్గర తెల్లని మచ్చ ఉంది. ఆ మచ్చ చూసిన మొదటిరోజే ఎవరైనా మాతో ఒక్క మాట చెప్పి ఉంటే, రెండో రాత్రి మేము బిల్లు గురించి కాక మనిషి గురించి ఆలోచించి ఉండేవాళ్లం.

ఇక్కడ ఒక మాట గురించి తగాదా పెట్టుకోవాలి. ఈ హార్మోన్లను తెలుగు పత్రికలు ‘ఒత్తిడి హార్మోన్లు’ అని రాస్తాయి. తప్పేమీ కాదు, కానీ మన వాడుకలో ఒత్తిడి అంటే మనసులోని దిగులు, ఆఫీసులో పని, అప్పుల బాధ. అందుకే పరామర్శకు వచ్చిన ప్రతివారూ పెద్దమ్మతో “ఏమీ ఆలోచించకు, టెన్షన్ పడకు” అన్నారు. ఆలోచనలు మానుకుంటే గుండె కుదుటపడుతుందని వారి నమ్మకం. నిజానికి ఇక్కడ ఒత్తిడి ఆలోచనల్లోంచి కాదు, గాయపడిన కణజాలంలోంచి పుడుతోంది. స్పృహ లేకుండా, ఏ చింతా పడే వీలు లేకుండా ఉన్న రోగుల్లోనూ ఈ వరద వస్తుంది. మెదడు పొరల మధ్య రక్తస్రావమై కోమాలో ఉన్నవారిలో అది అన్నిటికంటే ఉద్ధృతంగా ఉంటుంది. భయమూ నొప్పీ దానికి తోడవుతాయన్నది నిజమే, రోగి దగ్గర మెల్లగా మాట్లాడటం మంచిదే. కానీ మాటను తప్పుగా అర్థం చేసుకోవడానికి ఒక మూల్యం ఉంది. ముందురోజు సాయంత్రం పొలం అమ్మకం గురించి పెద్దమ్మతో గొడవపడ్డానని, ఆమె గుండె తనవల్లే పాడైందని పెదనాన్న నెలల తరబడి కుమిలిపోయారు. మెదడు కణజాలం చచ్చిపోతున్నప్పుడు వచ్చే హార్మోను వరదతో పోలిస్తే పొలం తగాదా పిల్లకాలువ అని ఆయనకు నచ్చచెప్పడానికి నాకు చాలాకాలం పట్టింది. పూర్తిగా నమ్మారో లేదో ఇప్పటికీ చెప్పలేను.

ట్రోపోనిన్ సంగతికి వస్తాను, ఎందుకంటే తప్పులు ఎక్కువగా జరిగేది అక్కడే. ట్రోపోనిన్ గుండె కండరకణం లోపల ఉండే ప్రొటీను. కణం గాయపడితే రక్తంలోకి కారుతుంది. గాయమైందని చెబుతుంది కానీ ఎందుకైందో చెప్పదు. పక్షవాత రోగుల్లో చాలామందికి అది ఎంతో కొంత పెరుగుతుంది. 2016లో ప్రచురించిన అధ్యయనంలో బెర్లిన్‌లోని షారిటే వైద్యకళాశాల బృందం, ట్రోపోనిన్ బాగా పెరిగిన పక్షవాత రోగులు కొద్దిమందికి యాంజియోగ్రామ్ చేసి, అంతే ట్రోపోనిన్ ఉన్న గుండెపోటు రోగులతో పోల్చింది. గుండెపోటు రోగుల్లో 79 శాతం మందికి కారణమైన అడ్డంకి కనిపిస్తే, పక్షవాత రోగుల్లో 24 శాతం మందికే కనిపించింది. పక్షవాత రోగుల్లో దాదాపు సగం మందికి గుండె ధమనుల్లో జబ్బే కనిపించలేదు. ఈ అంకెలను నేను రెండు వైపులా చదువుతాను. ట్రోపోనిన్ పెరిగిన ప్రతివారికీ గుండెపోటు అని ముద్రవేసి, రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు రెండు మూడు కలిపి మొదలుపెడితే, అప్పటికే మెత్తబడి ఉన్న మెదడు భాగంలో రక్తస్రావం అయ్యే ప్రమాదాన్ని కొనితెచ్చుకున్నట్టే. అలాగని ‘స్ట్రోకులో ఇది మామూలే’ అని చేతులు దులుపుకుంటే, ఆ నాలుగో మనిషికి నిజంగానే ఉన్న అడ్డంకిని వదిలేసినట్టవుతుంది. పెద్దమ్మ డాక్టర్లు ఆ యాంజియోగ్రామ్ ఎందుకు చేశారో నాకు ఈ అంకెలు చదివాకనే అర్థమైంది. మేము బిల్లు పెంచే పనిగా లెక్కవేసిన పరీక్షే, ఆమెకు అక్కరలేని ప్రమాదకరమైన మందులను తప్పించింది.

కాలం విషయంలో నా ఫిర్యాదు వైద్యవ్యవస్థ మీద. 2007లో ప్రచురించిన ఒక పరిశీలనలో, రక్తం అందక పక్షవాతం వచ్చిన 846 మందిని మూడు నెలల పాటు గమనిస్తే, 19 శాతం మందికి గుండెకు సంబంధించిన తీవ్రమైన ఇబ్బంది కనీసం ఒకటి వచ్చింది, 4.1 శాతం మంది గుండె కారణంగానే చనిపోయారు. ఆ ఇబ్బందులు అన్నిటికంటే ఎక్కువగా వచ్చింది రెండో రోజు, మూడో రోజు మధ్య. అమెరికన్ మార్గదర్శకాలేమో గుండె లయను కనీసం మొదటి 24 గంటలు యంత్రంతో గమనించాలంటాయి. ఆ ‘కనీసం’ అన్న మాట మన వార్డుల్లో ‘అంతే’గా మారిపోతుంది. మంచాలు చాలని చోట ఇరవై నాలుగు గంటలు దాటగానే మానిటర్ తీసి సాధారణ వార్డుకు పంపేస్తారు. అంటే ప్రమాదం పెరగబోయే వేళకు కాపలా ఎత్తేస్తున్నాం. మంచాలు నిజంగానే తక్కువ, నర్సులు ఇంకా తక్కువ, ఆ సంగతి నేనూ కళ్లారా చూశాను. అయినా మూడు రోజుల పాటు రోజుకొక ఈసీజీ తీయడానికీ, మొదటి ట్రోపోనిన్ ఎక్కువగా ఉంటే కొన్ని గంటలకు మళ్లీ చేసి పెరుగుతోందా నిలకడగా ఉందా చూడటానికీ, ఇన్సులా దెబ్బతిన్నవారికి ఒక ఎకో తీయడానికీ పెద్ద యంత్రాంగం అక్కరలేదు. ఈసీజీలో క్యూటీ సాగి ఉన్నప్పుడు వాంతులకూ, కలవరింతలకూ, ఇన్ఫెక్షన్లకూ ఇచ్చే కొన్ని మందులు దాన్ని ఇంకా సాగదీసి ప్రాణాంతకమైన లయ తప్పడానికి దారి తీయగలవు. ఆ ఒక్క కారణం చాలు రోజూ కాగితం తీసి చూడటానికి.

అంత చేటు తెచ్చేది అడ్రినలిన్ అయితే దాన్ని అడ్డుకునే మందు అందరికీ ఇచ్చేయవచ్చు కదా అని నేనూ మొదట అనుకున్నాను. 1978లో బ్రిటన్‌లో మెదడు పొరల్లో రక్తస్రావమైన రోగులపై ఆ పని చేసి చూశారు. చనిపోయినవారి గుండెలను పరీక్షిస్తే, మందు ఇవ్వని ఆరుగురి గుండెల్లో గాయాలు కనిపించాయి, మందు ఇచ్చిన ఆరుగురి గుండెల్లో కనిపించలేదు. ఎంత ఆశ పుట్టించే ఫలితం! పదేళ్ల తరవాత, 1988లో, మామూలు పక్షవాత రోగులకు తక్కువ మోతాదులో బీటా బ్లాకర్లు (అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకునే మందులు) ఇచ్చిన ప్రయోగంలో మేలు జరగకపోగా, ఆ మందు తీసుకున్నవారిలోనే తొలిరోజుల మరణాలు ఎక్కువయ్యాయి. బహుశా అదే హార్మోను వరద, రక్తం అందని మెదడు అంచులకు పీడనాన్ని కూడా నిలుపుతోంది. దాన్ని హఠాత్తుగా తగ్గిస్తే చావుబతుకుల్లో ఉన్న ఆ అంచు కూడా పోవచ్చు. పెద్దమ్మ రక్తపోటు 170 దాటి ఉన్నా డాక్టర్లు మామూలు స్థాయికి దించకపోతే తమ్ముడు మండిపడ్డాడు. గడ్డను కరిగించే మందు ఇచ్చినవారికి రక్తపోటు పై అంకె 180, కింది అంకె 105 దాటకుండా చూడటం, ఇవ్వనివారికి అవే 220, 120 వరకూ చాలాసార్లు ఆగి చూడటం ఆ లెక్కలోవే. అసలు పక్షవాతానికి ముందు నుంచే బీటా బ్లాకరు వాడుతున్నవారి సంగతీ, తకోత్సుబోతో రక్తపోటు పడిపోయినవారికి అడ్రినలిన్ జాతి మందులే ఎక్కించాల్సి వచ్చే ఇరకాటమూ డాక్టర్లు మనిషిని బట్టి తేల్చుకోవలసినవి.

2018లో యాన్ షైట్స్, హచిన్‌స్కీ తదితరులు ఈ మొత్తానికి ‘స్ట్రోక్–హార్ట్ సిండ్రోమ్’ అని ఒకే పేరు పెట్టమన్నారు. పేరు పెడితే ఏమొస్తుందని ఒకప్పుడైతే నేనూ అనేదాన్ని. పేరు లేకపోవడం వల్ల ఏం పోయిందో చూశాక అనలేను. కేస్‌షీట్‌లో ఆ పేరు ఒక్క వరుసలో ఉండి ఉంటే, మెదడు విభాగం వారూ గుండె విభాగం వారూ మాతో వేర్వేరుగా, ఒకరి మాట ఒకరికి తెలియనట్టు మాట్లాడేవారు కాదు. మా ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది మళ్లీ వస్తే నేను అడగబోయేవి మూడే: ఇన్సులా దెబ్బతిందా, ట్రోపోనిన్ మళ్లీ ఎప్పుడు చేస్తారు, మూడో రోజు దాకా ఈసీజీ తీస్తారా. ఈ ప్రశ్నలడిగితే డాక్టర్లు నొచ్చుకుంటారని భయపడనక్కర్లేదు. నేను తరవాత వేరొకరి కోసం అడిగినప్పుడు ఒకాయన కుర్చీ చూపించి కూర్చోమన్నారు.

పెద్దమ్మకు ఆరు వారాల తరవాత తీసిన ఎకోలో ఎడమ జఠరిక కొన మళ్లీ మామూలుగా కదులుతూ కనిపించింది. చెయ్యి మాత్రం ఫిజియోథెరపీతో సగమే తిరిగొచ్చింది. కూరలు తరగడానికి ఇప్పటికీ కత్తిపీట వేసుకోలేరు. ఇంటికొచ్చినవాళ్లకు ఆమె తన కథ చెప్పేటప్పుడు “నాకు రెండు స్ట్రోకులొచ్చాయమ్మా, ఒకటి తలలోది, ఒకటి గుండెది” అని మొదలుపెడతారు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ మాట నా చెవిన పడి, పాత అలవాటు చొప్పున సరిదిద్దబోయాను.

“రెండు కాదు పెద్దమ్మా, ఒకటే. తలలో వచ్చిందే గుండె దాకా వెళ్లింది” అన్నాను.

పెద్దమ్మ కుడిచేత్తో చీర చెంగు సర్దుకుని నావైపు చూశారు. “ఒకటే అయితే మరి ఇద్దరు డాక్టర్లకి డబ్బులెందుక్కట్టించారే?”